మానసిక చికిత్సా కేంద్రాల తనిఖీ ఆరోగ్య శాఖ చేతిలోనే ఉండాలా?

వరండా_కుర్చీ:
రెండేళ్ల కిందట మా చెల్లి ఒక ప్రైవేటు కేంద్రంలో మూడు వారాలు ఉంది. ఓ సాయంత్రం వెళ్లేసరికి మంచాల మీద కొత్త దుప్పట్లు, ప్యాకెట్ మడతలు కూడా పోలేదు. ఏంటి విశేషమంటే ఆయా గొంతు తగ్గించి, "రేపు తనిఖీ అండి" అంది. ఆదివారానికి మళ్లీ పాత చిరుగులే.
2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రాలను రిజిస్టర్ చేసేది, ఆడిట్ చేయించేది స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ. దానికి అధ్యక్షుడు ఆరోగ్య శాఖ కార్యదర్శి. ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు నడిపేదీ ఆ శాఖే. పరీక్ష రాసేదీ పేపర్ దిద్దేదీ ఒకరే అయితే ఎలా? స్వతంత్ర సంస్థ ఉండాలంటాను.

ఫైలు_నంబరు:
ముప్పై ఏళ్లు సెక్రటేరియట్‌లో ఫైళ్లు మోసి రిటైర్ అయినవాణ్ణి. స్వతంత్ర సంస్థ అంటే వినడానికి బాగుంటుంది బాబూ. జీపుకి డీజిల్ బిల్లు పాస్ కావాలంటే మళ్లీ ఆ శాఖకే ఫైలు పెట్టాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో స్టేట్ కమిషనర్ ఉన్నారుగా, చూడండి. ఆయన విచారించి సిఫారసు చేస్తారు. శాఖకి నచ్చకపోతే మూడు నెలల్లోపు కారణం రాసి పంపితే సరిపోతుంది. కార్యదర్శి సంతకానికి ఉన్న బరువు దానికి రాదు. పైగా అథారిటీలో ఉన్నది అధికారులు మాత్రమే కాదు, పేషెంట్ల తరఫున, వాళ్లని చూసుకునేవాళ్ల తరఫున కూడా సభ్యులుంటారు.

నైట్‌డ్యూటీ:
నేను నర్సుని. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల హోములో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో పోయారు. వారానికల్లా అలాంటి హోములన్నీ మూసేసి, 500 మందికి పైగా పేషెంట్లను ప్రభుత్వ సంరక్షణకు తరలించారు. ఇప్పుడు గొలుసు వేయడం చట్టరీత్యా నిషేధం, మంచిదే. కానీ తనిఖీ అనగానే మా మేనేజ్‌మెంట్‌కి మూసేస్తారన్న టెన్షనే. మా వార్డులో ఒకాయన్ని కొడుకు దింపి వెళ్లి ఫోన్ నంబర్ మార్చేశాడు. మేం మూసేస్తే ఆయన ఎక్కడికి పోవాలి?

వరండా_కుర్చీ:
మూయమని ఎవరన్నారు మేడమ్? చెప్పకుండా రమ్మంటున్నాను, అంతే. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 5 వేల నుంచి 50 వేలు. ఆ 5 వేలు మేం ఒక్క వారానికి కట్టినదాంట్లో సగం కూడా లేదు. ఎవడికి భయం?

బుడ్డోడి_అమ్మ:
మా వాడికి ఆటిజం, దాంతోపాటు డిప్రెషన్. స్పెషల్ స్కూల్ మీద ఫిర్యాదుకి వెళ్తే ఆరోగ్య శాఖకి పొమ్మన్నారు. అక్కడికి పోతే వికలాంగుల సంక్షేమ శాఖ అన్నారు. ముందు ఎవరో ఒకరు మా కాగితం తీసుకోండి, తర్వాత స్వతంత్రం సంగతి చూద్దాం.

తిరిగొచ్చినవాణ్ణి:
బయట తలుపు ఎవరు కొట్టాలన్న గొడవలోనే ఉన్నారు అందరూ. నేను లోపల ఉండి వచ్చాను.
జిల్లా జడ్జి హోదా ఉన్నవారో, రిటైరైన జడ్జో అధ్యక్షుడిగా, పేషెంట్ల ఫిర్యాదులు వినే రివ్యూ బోర్డు అని ఒకటుంది. పేషెంట్ ఇష్టంతో పనిలేకుండా, నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (పేషెంట్ తరఫున నిర్ణయాల్లో సాయపడే మనిషి) దరఖాస్తుతో చేర్చుకుంటే ఏడు రోజుల్లో ఆ బోర్డుకి తెలియజేయాలి. ఆడవాళ్లయితే, మైనర్లయితే మూడు రోజుల్లోనే. బోర్డుకి రాసుకునే హక్కు ఉందని పేషెంట్‌కి చెప్పడం కూడా కేంద్రం వాళ్ల బాధ్యతే. నాకెవరూ చెప్పలేదు. గోడ మీద దేవుడి పటం ఉంది, కేలండర్ ఉంది, ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది. బోర్డు అడ్రస్ మాత్రం లేదు. పెన్ను అడిగితే పొడుచుకుంటానని ఇవ్వలేదు. డ్రాయింగ్ క్లాస్‌లో ఇచ్చిన ఎర్ర స్కెచ్‌పెన్‌తో మందుల కవర్ వెనక రాసి మా బావ చేతికిచ్చాను. ఆ కవర్ బోర్డుకి చేరింది, నన్ను పిలిచి అడిగారు. అప్పటిదాకా వచ్చిన తనిఖీల్లో నాతో మాట్లాడినవాళ్లు లేరు, వంటగది చూసి వెళ్లారు.

ఫైలు_నంబరు:
ఇది ఆలోచించాల్సిందే. రిజిస్టర్లు చూడటం మాకు అలవాటు, మనిషిని అడగడం తక్కువ. అయినా కార్యదర్శి ఉండకూడదన్న మాటకి నేను ఒప్పుకోను.

నైట్‌డ్యూటీ:
మా వార్డులోనూ పెన్ను ఇవ్వం అండి. స్కెచ్‌పెన్లు ఉన్నాయి. ఆ రివ్యూ బోర్డు అడ్రస్ ఎక్కడ కనుక్కున్నారో మీ బావగారిని అడిగి చెప్తారా? మందుల చార్ట్ పక్కన అంటిస్తాను.