60 ఏళ్లు దాటితే డి విటమిన్ 60,000 యూనిట్ల సాచెట్ వేసుకోవాల్సిందేనా?

మెహదీపట్నం_కౌంటర్
హైదరాబాద్‌లో ఏ సందులో మందుల షాపు చూసినా డి విటమిన్ 60,000 యూనిట్ల సాచెట్ డాక్టర్ చీటీ లేకుండానే అమ్ముడుపోతోంది. మోకాలి నొప్పికి అదే, నడుం నొప్పికి అదే. "ఎముక గట్టిపడుద్ది" అంటారు. రుజువేది? అమెరికాలో 25,871 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజూ 2,000 యూనిట్లు, రెండో గుంపుకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి ఐదేళ్లకు పైగా చూశారు. ఆ వైటల్ అధ్యయనం 2022లో తేల్చిందేమిటంటే, ఎముకలు విరగడంలో తేడా లేదు. కెనడాలో 2019 నాటి అధ్యయనంలోనైతే మూడేళ్లు రోజుకు 10,000 వాడినవాళ్ల ముంజేతి ఎముక సాంద్రత, 400 వాడినవాళ్లకన్నా ఎక్కువే తగ్గింది. లోపం ఉందని తేలనిదే ఈ సాచెట్లు ఇవ్వకూడదన్నది నా వాదన.

తార్నాక_పోషకం
వైటల్‌లో చేరినవాళ్ల రక్తంలో డి మొదట్లోనే మిల్లీలీటరుకు సగటున 30 నానోగ్రాములు. నిండిన బిందెలో నీళ్లు పోసి మట్టం పెరగలేదంటే ఎలా అండీ? ఫ్లాట్ గడప దాటని మన పెద్దవాళ్లలో 12 కన్నా తక్కువ రావడం వింతేమీ కాదు. వాళ్లకు దగ్గరగా ఉన్నది 1992 నాటి ఫ్రాన్స్ అధ్యయనం. వృద్ధాశ్రమాల్లోని 3,270 మంది ఆడవాళ్లు, సగటు వయసు 84, రోజూ 800 యూనిట్ల డి, 1,200 మి.గ్రా. కాల్షియం. ఏడాదిన్నరలో తుంటి ఎముక విరగడం 43 శాతం తగ్గింది. న్యూజిలాండ్‌లో సాంద్రత కొలిచినప్పుడూ 12కి లోపున్నవాళ్లకే సుమారు 2 శాతం లాభం కనబడింది. మిగతావాళ్లకు చెప్పుకోదగ్గదేమీ లేదు.

మెహదీపట్నం_కౌంటర్
ఫ్రాన్స్‌లో కాల్షియం కూడా ఇచ్చారుగా! ఘనతంతా డి ఖాతాలో వేస్తారేం? బ్రిటన్‌లో ఒకసారి ఎముక విరిగిన 5,292 మందికి రెండూ విడివిడిగానూ కలిపీ ఇచ్చి చూశారు. 2005లో వచ్చిన ఫలితం సున్నా.

తార్నాక_పోషకం
బ్రిటన్‌లో చాలామంది మాత్రలు మధ్యలోనే మానేశారు, అదీ చెప్పండి. కాల్షియం వాటా ఉందన్నది మాత్రం ఒప్పుకుంటా. మన ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లెక్క ప్రకారం పెద్దలకు రోజుకు 1,000 మి.గ్రా., ముట్లుడిగిన ఆడవాళ్లకు 1,200. రెండు గ్లాసుల పాలు (400 మి.లీ.), 50 గ్రాముల రాగిపిండితో జావ, ఒక కప్పు పెరుగు కలిస్తే 850 దాటుతుంది. మిగతాది పప్పు, ఆకుకూరల్లో వస్తుంది. పాలు పడనివాళ్లకే మాత్ర. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతో వేసుకోవాలి. గ్యాస్ మాత్ర రోజూ వాడేవాళ్లకు అది సరిగా ఒంటబట్టదు, కాల్షియం సిట్రేట్ నయం. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం తప్పదు. పొద్దున్నే రెండూ ఒకే గుక్కలో మింగేస్తారు, తర్వాత థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఎందుకు దిగట్లేదని తల పట్టుకుంటారు.

డెక్సా_గది
ఇద్దరూ సాంద్రత గురించి మాట్లాడుతున్నారు, దాన్ని కొలిచే డెక్సా స్కాన్‌లోనే బోలెడు తిరకాసుంది. ఏడాది తేడాతో వెన్ను సాంద్రత 2 శాతం పెరిగిందంటే అది సాచెట్ మహిమ కాకపోవచ్చు, మెషీన్ తేడా కావచ్చు. అదే మెషీన్ మీద, అదే భంగిమలో తీయించాలి. 70 దాటినవాళ్ల వెన్నుపూసల మీద ఎముక ముళ్లు పెరిగి టీ-స్కోర్ (పడుచువాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే సాంద్రత అంకె) ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది, కాబట్టి తుంటి అంకె చూడండి. స్కాన్‌కు ముందు 24 గంటలు కాల్షియం మాత్ర వద్దు. కడుపులో కరగకుండా ఉంటే అదీ వెన్ను లెక్కలో కలిసిపోతుంది.

నల్లగొండ వైపు నుంచి వచ్చి ఎల్బీ నగర్, వనస్థలిపురంలో స్థిరపడ్డ పెద్దవాళ్ల విషయంలో ఇంకో మెలిక. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వెన్నెముక డెక్సాలో దిట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసు. 1990లో అమెరికాలో ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూస్తే వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్ను కాని చోట్ల ఎముకలు ఇంకా ఎక్కువ విరిగాయి. సాంద్రత వేరు, బలం వేరు.

దీనికి తిరగేసిన సంగతీ ఉంది. డి మరీ లేక ఎముక మెత్తబడిన మనిషికి స్కోర్ మైనస్ 3 వస్తే "ఆస్టియోపొరోసిస్" (ఎముక గుల్లబారడం) అని రాసేస్తారు. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) చూడకుండా ఆ ముద్ర వేయకూడదు. ఇలాంటివాళ్లకు డి, కాల్షియం సరిచేస్తే చాలు, సాంద్రత గబగబా లేస్తుంది.

నాంపల్లి_వాకర్
పొద్దున ఏడింటికి పార్కులో ఎండకు కూర్చుంటే చాలదా?

తార్నాక_పోషకం
చాలదు. ఆ వేళ ఎండలో చర్మంలో డి తయారుచేయించే యూవీ-బీ కిరణాలు దాదాపు ఉండవు. మీ నీడ మీ ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నప్పుడే పని జరుగుతుంది, అంటే పది దాటాక. అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు. వయసు చర్మం తయారుచేసేదీ తక్కువే. మే నెలలో డెబ్బై ఏళ్లవాళ్లను పదకొండింటి ఎండలో నిలబెట్టమని నేనైతే చెప్పను.

మెహదీపట్నం_కౌంటర్
మోతాదు సంగతికొద్దాం. లోపం ఉన్నవాళ్లకు వారానికో 60,000 చొప్పున 8 వారాలు, తర్వాత నెలకొకటి. నెలకొకటంటే రోజుకు 2,000 పడ్డట్టే. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, ఎనిమిది వారాలు ఎనిమిది నెలలవుతాయి. రెండు, సాచెట్, షాట్, క్యాప్సూల్ మూడూ వేర్వేరు మందులనుకుని కలిపి వాడతారు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, దాహం, మతిమరుపు వస్తే ముసలితనమనుకుంటారు. ఈలోగా కిడ్నీ దెబ్బతింటుంది. 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ అడిగేవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో, ఏడాదికోసారి 5 లక్షలు వేసుకున్నవాళ్లు 15 శాతం ఎక్కువ పడ్డారు, విరగడాలు 26 శాతం పెరిగాయి. అది 2010 నాటి మాట! అందుకే పరీక్ష లేకుండా వద్దంటున్నా.

తార్నాక_పోషకం
పెద్ద మోతాదు వద్దన్నంతవరకు మీతోనే ఉన్నా. కానీ రోజుకు 800 యూనిట్లకు పరీక్షెందుకు? ఎన్‌ఐఎన్ 60 దాటినవాళ్లకు చెప్పేది అంతే. అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2024లో 75 దాటినవాళ్లకు పరీక్ష లేకుండానే, రోజువారీ చిన్న మోతాదే మేలంది. ఎనిమిది సాచెట్లకన్నా ఆ పరీక్షే ఖరీదు. ఎముక గుల్లబారినవాళ్లకు ఇచ్చే జోలెడ్రోనిక్ ఇంజెక్షన్‌కు ముందు మాత్రం డి, కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడకుండా వేయకూడదు. డి లోపంలో వేస్తే కాల్షియం పడిపోయి చేతులు తిమ్మిరెక్కి కొంకర్లు పోతాయి. కిడ్నీ రాళ్లు, టీబీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా 800 కూడా మొదలుపెట్టొద్దు.

మెహదీపట్నం_కౌంటర్
800కి సరే. 60,000కి మాత్రం చీటీ ఉండాలి, ఎన్ని వారాలో రాసి ఉండాలి.

డెక్సా_గది
రాసినా ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో రాస్తే కష్టమే. "ఓడబ్ల్యూ" అంటే వారానికోసారి, "ఓడీ" అంటే రోజూ. చేతిరాతలో ఒకటి ఇంకొకటిగా కనిపిస్తుంది. కవరు మీద తెలుగులోనే రాయండి: "ఆదివారం ఒకటి, రాత్రి భోజనం తర్వాత, మొత్తం 8, ఆపై వారం వారం వద్దు."