అప్‌డేట్: ఇంజిన్ ముందా, ఫైర్‌వాల్ సామాను ముందా? తేలిపోయింది

పోయిన నెల అడిగింది గుర్తుందో లేదో: అనంతపురం షెడ్‌లో కట్టుకుంటున్న రెండు సీట్ల విమానానికి రోటాక్స్ 912 ఇంజిన్ ముందు ఎక్కించాలా, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య అడ్డుగా ఉండే స్టీలు రేకు) మీద సామాను ముందు బిగించాలా అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

“ఉత్తినే ఒకసారి ఎక్కించి, గుర్తులు పెట్టుకుని దించెయ్ అన్నా” అన్న సలహానే పనిచేసింది. చైన్ బ్లాక్‌తో లేపి, బోల్టులు చేత్తోనే తిప్పి చూశాం. బ్యాటరీ పెట్టెకు నేను గీసుకున్న చోటికి సరిగ్గా ఎదురుగా స్టార్టర్! మధ్యలో రెండు వేళ్లు కూడా దూరవు. ముందే రంధ్రాలు వేసుంటే స్టీలు రేకు దండగయ్యేది. ఇంజిన్ దించి, బ్యాటరీ, ఆయిల్ ట్యాంకు, కేబుళ్ల రంధ్రాలు అన్నీ ముగించాకే మళ్లీ ఎక్కించాం.

చూడ్డానికొచ్చిన రిటైర్డ్ ఎయిర్‌ఫోర్స్ టెక్నీషియన్ సార్ ఇంకోటి పట్టుకున్నారు. పెట్రోలు గొట్టానికి రెండు కొసలా ఫిట్టింగులు బిగించేశా, ఫైర్ స్లీవ్ (మంట తగలకుండా గొట్టానికి వేసే తొడుగు) తొడగడం మర్చిపోయి. ఫిట్టింగ్ మీదుగా అది ఎక్కదు గదా, మళ్లీ విప్పడమే. ఆ మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద నా తిప్పలు చెప్పద్దు.

కౌలింగ్ (ఇంజిన్ మీద మూత) ఎప్పుడు కోయాలా అని అంత గింజుకున్నాను, దానికీ దీనికీ సంబంధమే లేదు. ఎగ్జాస్టు, స్పిన్నర్ ప్లేటు (ప్రొపెల్లర్ ముక్కు టోపీ బిగించే పళ్లెం) పడ్డాకే దాని పని.