పెళ్ళి ఫొటోగ్రఫీలోకి దిగుదామనుకుంటున్నా, ముందు ఏం చూసుకోవాలి?

గోదారి_కుర్రాడు
మాది తణుకు. ఐదేళ్ళుగా ప్రైవేటు ఉద్యోగం. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన కిట్ లెన్స్, ఒక 50 ఎంఎం ఉన్నాయి. చుట్టాల ఫంక్షన్లలో తీసినవి చూసి అందరూ బాగున్నాయంటున్నారు. ఉద్యోగం మానేసి కార్తీకం నుంచి పెళ్ళి ఆర్డర్లు పడదామని ఉంది. నాలుగు లక్షలు దాచాను. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా బాడీ కొననా, దూరం నుంచి తీసే 70-200 లెన్స్ కొననా?

పాతస్టూడియో_సూర్యాపేట
తమ్ముడూ, ప్రస్తుతానికి రెండూ కొనకు. రీల్‌కి 36 ఫొటోలు వచ్చే రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

చుట్టాల ఫంక్షన్‌లో నువ్వు అతిథివి. నీకు నచ్చిన పది ఫొటోలు తీసుకుని భోజనానికి వెళ్తావు. ఆర్డర్ అంటే అది కాదు. జీలకర్ర బెల్లం సంగతే చూడు. తెల్లవారుజామున మూడింటికి ముహూర్తం. మధ్యలో తెర. అయ్యగారు చెయ్యి ఎత్తగానే గట్టిమేళం మొదలవుతుంది. కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి లేస్తారు, సగం మంది చేతుల్లో అక్షింతలు, సగం మంది చేతుల్లో సెల్‌ఫోన్లు. తెర దిగుతుంది, అమ్మాయి తలెత్తి చూస్తుంది. నీకు దొరికేది ఆ రెండు క్షణాలే. సరిగ్గా అప్పుడే నీ ఆటోఫోకస్ గాల్లో ఎగిరే అక్షింతల మీదికి పోతుంది. మొహాలు మసక, బియ్యం గింజలు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి. నాకు వచ్చాయి. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న ఒక్క మాట కూడా తిట్టలేదు, ఆల్బమ్ మూసి పక్కన పెట్టాడు.

అందుకని ముహూర్తానికి పావుగంట ముందే అయ్యగారికి దండం పెట్టి, తెర ఎటు దించుతారో అడిగి, ఆ పక్కన మోకాళ్ళ మీద కూర్చో. వైడ్ లెన్స్ పెట్టు, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) కాస్త మూసుకో, ఫోకస్ ముందే పట్టి ఉంచు. ఇదంతా అలవాటయ్యేదాకా ఒక సీజన్ ఎవరి దగ్గరైనా అసిస్టెంట్‌గా వెళ్ళు. లైట్ పట్టుకోమన్నా పట్టుకో.

ఖమ్మం_క్లిక్స్
అన్న చెప్పింది నిజం. ఆ 70-200 అద్దెకు దొరుకుతుంది. ఒక్క సీజన్ అద్దెకు వాడితే నీకు ఏ లెన్స్ అవసరమో తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్ కొనాలంటే హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళు, కానీ షట్టర్ కౌంట్ (ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో ఆ లెక్క) చూసే డబ్బులివ్వు.

మిక్సింగ్_మావ
ఉద్యోగం మానేయడం గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? పంచాంగం తీసి చూడు బాబూ. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఎలాగూ ఖాళీ. దానికి మూఢం తోడైతే ఇంకంతే. 2024లో మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేవు, ఆ వెంటనే ఆషాఢం. ఎండాకాలం పెళ్ళిళ్ళ మీద ఆశ పెట్టుకుని ఈఎంఐలో కెమెరాలు కొన్న కుర్రాళ్ళు మా ఊళ్ళోనే ముగ్గురు. ఒకడు అమ్మేశాడు. అదే మంచి ముహూర్తం పడితే ఒకే రోజు నాలుగు ఆర్డర్లు అడుగుతారు, నీ ఒంట్లో నలుగురు ఉండరు కదా. నీ నాలుగు లక్షల్లో రెండు కదపకు, ఆరు నెలల ఇంటి ఖర్చనుకో.

వైజాగ్_లెన్స్
నేను ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను. పెళ్ళికూతురి గదిలో ఆడవాళ్ళే తీయాలని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, కాబట్టి టీమ్‌లో ఒక అమ్మాయిని పెట్టుకోండి. ఆమెకు రాత్రి ప్రయాణం, ఉండటానికి గది ముందే మాట్లాడి పెట్టండి. మండపానికి వెళ్ళాక చూసుకుందాం అంటే కుదరదు.

డబ్బు విషయానికొస్తే, మొదటి రెండేళ్ళు నన్ను ముంచింది ఆల్బమ్. అడ్వాన్స్ కొంత, పెళ్ళి రోజు కొంత, మిగతాది ఆల్బమ్ ఇచ్చాక అని ఒప్పుకునేదాన్ని. పెళ్ళవుతుంది, అమ్మాయి బెంగళూరో అమెరికానో వెళ్ళిపోతుంది. ఫోన్ చేస్తే వాళ్ళ నాన్నగారు "అమ్మాయి సంక్రాంతికి వస్తుందమ్మా, అప్పుడు సెలెక్ట్ చేస్తుంది" అంటారు. సంక్రాంతి పోయి ఉగాది వస్తుంది. ఎంచుకున్న ఫొటోలు లేకుండా డిజైనర్ షీట్లు చేయలేడు, షీట్లు లేకుండా నా బాకీ రాదు. ఒకాయన పద్నాలుగు నెలలకు సెలెక్షన్ ఇచ్చారు, అప్పటికి వాళ్ళకు మనవడు పుట్టాడు, వాడి బారసాల ఫొటోలు కూడా అందులో పెట్టమన్నారు!

ఇప్పుడైతే అప్పగింతల లోపు ఆల్బమ్ ఖర్చు తప్ప మొత్తం వచ్చేయాలి. ఏ ఏ ఫంక్షన్లు, ఎంతమంది వస్తాం, ఎన్ని షీట్లు, సెలెక్షన్‌కి ఎన్ని రోజులు, అన్నీ ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకుంటాను. ఆ కాగితం ఇంకో దానికీ కావాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో హక్కు, వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్ళదే. మనం తీశాం కదా అని ఇన్‌స్టాలో పెట్టేయకూడదు.

గోదారి_కుర్రాడు
మేడమ్, ఇది అస్సలు తెలియదు. జీఎస్టీ కూడా కట్టాలా?

వైజాగ్_లెన్స్
మన పని సర్వీసు కిందికి వస్తుంది. ఏడాది టర్నోవర్ (వచ్చిన మొత్తం డబ్బు) 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్, దాటాక 18 శాతం. లాభం కాదండీ, టర్నోవర్. ఇందులో చాలామంది పొరబడతారు.

ఖమ్మం_క్లిక్స్
డ్రోన్ గురించి కూడా. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన దాన్ని డబ్బు కోసం ఎగరేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోనా (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటా) కాదా చూసుకోవాలి. "అందరూ ఎగరేస్తున్నారు కదా" అంటే పోలీసులు వినరు.

మిక్సింగ్_మావ
నా దగ్గరికి మిక్సింగ్ (ఎడిటింగ్) కోసం వచ్చే మెమరీ కార్డుల కథ చెబుతా. పోయినేడాది ఒకతను రిసెప్షన్ కార్డు అనుకుని మంగళస్నానం కార్డు ఫార్మాట్ కొట్టాడు. అర్ధరాత్రి, నిద్రమత్తు. వెంటనే తెలిసి, దాని మీద ఇంకొక్క ఫొటో కూడా తీయలేదు కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో దాదాపు అన్నీ తీశాను. తీస్తూ పోయుంటే నా చేతుల్లో కూడా ఏమీ ఉండేది కాదు. రెండు కార్డు స్లాట్లున్న బాడీ ఎందుకంటే ఇందుకే, రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టుకో. ఒక బాడీ మొరాయిస్తే ఇంకోటి మెళ్ళో ఉండాలి. ఇంటికి రాగానే స్నానం కూడా చేయకుండా రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించు. కార్డు మాత్రం ఆల్బమ్ చేతికిచ్చేదాకా తుడవకు.

ఇంకోటి, ఎల్‌ఈడీ లైట్లున్న స్టేజి మీద సైలెంట్ షట్టర్ (చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టర్) వాడకు. ఫొటో నిండా అడ్డగీతలు వస్తాయి, వాటిని నేను కూడా తీయలేను.

డాలస్_తెలుగబ్బాయి
ఇక్కడ అమెరికాలో కూడా మన పెళ్ళిళ్ళకు ఫొటోగ్రాఫర్లు కావాలి. కానీ హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు వీకెండ్‌లో డబ్బు తీసుకుని తీయడం కుదరదు, స్పాన్సర్ చేసిన కంపెనీకే పని చేయాలి. చాలా హాళ్ళలో లయబిలిటీ ఇన్సూరెన్స్ కాగితం కూడా అడుగుతారు. ఎవరైనా ఇటు చూస్తుంటే గమనించండి.

గోదారి_కుర్రాడు
అందరికీ థ్యాంక్స్. ఉద్యోగం ఇప్పుడే మానను. భీమవరంలో ఒక స్టూడియో అన్నతో మాట్లాడాను, శని, ఆదివారాలు లైట్‌మ్యాన్‌గా రమ్మన్నారు. మొదటిది వచ్చే వారమే, ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. నా కెమెరా తెచ్చుకోవచ్చట, కానీ అడ్డం రాకూడదన్నారు.

పాతస్టూడియో_సూర్యాపేట
మంచిది. మధ్యాహ్నం పడుకుని వెళ్ళు. బ్యాటరీలు నాలుగు పట్టుకెళ్ళు. ఛార్జర్ మాత్రం వంటల దగ్గరి ప్లగ్‌లో పెట్టకు, గ్రైండర్ కోసం పీకేస్తారు.