ఓవెన్‌లో కింద రాడ్ వేడెక్కట్లేదు, ఏం చూడాలి?

ఎలక్ట్రిక్ ఓవెన్ అండీ, లైట్ వెలుగుతోంది ఫ్యాన్ తిరుగుతోంది పై రాడ్ కూడా ఎర్రగా అవుతోంది, కానీ కింద రాడ్ మాత్రం చల్లగానే ఉంటోంది, దాంతో ఏది పెట్టినా పైన మాడిపోయి అడుగున పచ్చిగా ఉండిపోతోంది. థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసేది) పోయిందా?

↳ పై రాడ్ పనిచేస్తోందిగా, థర్మోస్టాట్ మీద నాకు పెద్ద అనుమానం లేదు. ముందు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. చల్లారాక రాడ్ మీద ఎక్కడైనా ఉబ్బు, పగులు ఉందేమో చూడండి. తర్వాత ఒక వైరు విప్పి మల్టీమీటర్‌తో రాడ్ రెండు చివరల మధ్య ఓమ్స్ (కరెంటుకి అడ్డు ఎంతో) చూడండి, 230 వోల్ట్‌ల 1000 వాట్ల రాడ్ అయితే దాదాపు 53 రావాలి, ఓఎల్ (OL, అంటే మీటర్ కొలవలేనంత ఎక్కువ) అని చూపిస్తే లోపల తీగ తెగినట్టే.

↳↳ ఇంకోటి, రాడ్ చివరకీ ఓవెన్ బాడీకీ మధ్య కూడా చూడండి. అక్కడ తక్కువ ఓమ్స్ వస్తే కరెంటు బాడీకి లీకవుతున్నట్టు, అసలు ఆన్ చెయ్యొద్దు.

↳ రాడ్ బాగుంటే దానికి వైరు తగిలించే కనెక్టర్ చూడండి, మాది అక్కడే నల్లగా కాలిపోయింది, రాడ్ అనవసరంగా కొన్నాను 😅 అదీ బాగుంటే సెలెక్టర్ స్విచ్, అంటే ఏ రాడ్ వెలగాలో ఎంచుకునే స్విచ్, చూడండి. ఇదంతా మామూలు ఓవెన్‌కే, మైక్రోవేవ్ అయితే మాత్రం విప్పకండి బాబూ, ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది, ప్రాణాలకే ప్రమాదం.

↳ (అడిగినవాణ్ణే) ఓఎల్ వచ్చిందండీ! కొత్త రాడ్‌కి పాతదాని వాట్స్, కొలతలు రాసుకున్నా, థ్యాంక్స్.