ఆర్క్, మిగ్, టిగ్ వెల్డింగ్: అంబత్తూరు షెడ్డుకి ఏది?

ప్రశ్న:
చెన్నై అంబత్తూరులో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. 1.5 మి.మీ. 304 స్టెయిన్‌లెస్ ట్యాంకులు, 3 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఉక్కు) పైపు గేట్లు చేయాలి. కొన్ని గేట్లు సైటులోనే అతకాలి. ఒక్క మెషీన్ సరిపోతుందా అన్నా?

జవాబు:
ట్యాంకుకి టిగ్గే (టంగ్‌స్టన్ సూదితో ఆర్క్ పుట్టించి, ఫిల్లర్ కడ్డీని చేత్తో అందించే పద్ధతి). డీసీ, టార్చ్ నెగటివ్‌కి. 1.6 మి.మీ. టంగ్‌స్టన్, 308ఎల్ ఫిల్లర్, 45–60 ఆంపియర్లు, ఆర్గాన్ నిమిషానికి 8 లీటర్లు. అతుకు వెనకవైపు కూడా ఆర్గాన్ పట్టించండి. లేకపోతే లోపలి వైపు నల్లగా, గరుకుగా మాడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఎం.ఎస్.కి వాడిన బ్రష్, గ్రైండింగ్ వీల్ దీని మీద పెట్టొద్దు.

జవాబు:
గేట్లకి టిగ్ పెడితే కూలి గిట్టదు. షెడ్డులో మిగ్ (మెషీనే వైరుని అందిస్తూ, గ్యాసు రక్షణలో అతికే పద్ధతి) మేలు: 0.8 మి.మీ. వైరు, 80–20 ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిక్స్, 18–19 వోల్టులు. ఉత్త కార్బన్ డయాక్సైడ్ చవకే, కానీ నిప్పురవ్వలు అంటుకుని గ్రైండింగ్ పని పెరుగుతుంది. సైటులో మాత్రం మిగ్ వద్దు. సముద్రపు గాలికి గ్యాసు చెదిరి అతుకంతా చిల్లులే. అక్కడ ఆర్క్, అంటే రాడ్ వెల్డింగే: 2.5 మి.మీ. 6013 రాడ్, 70–85 ఆంపియర్లు.

ప్రశ్న అడిగినవారు:
వానాకాలంలో రాడ్లు చిటపటమంటున్నాయి?

జవాబు:
తేమ. 6013ని 100 డిగ్రీల దగ్గర గంట ఆరబెడితే చాలు. 7018 రాడ్లకి (తక్కువ హైడ్రోజన్ రకం) 300 పైనే కావాలి. ఇక మెషీన్ సంగతి: రాడ్ వెల్డింగ్ కూడా చేసే 200 ఆంపియర్ల డీసీ టిగ్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ ముందు కొనండి, గేట్ల ఆర్డర్లు పెరిగాక మిగ్.