జర్మన్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్: మాటను అనువదించాలా, మార్కునా?

మ్యూనిక్_మావాడు:
మ్యూనిక్‌లో నాలుగేళ్లు పనిచేశాను. ఇప్పుడు లండన్‌లో ఉద్యోగం వచ్చేలా ఉంది. పాత కంపెనీ ఇచ్చిన ఆర్బైట్స్‌సోయ్గ్నిస్, అదే మన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ లాంటిది, ఇంగ్లిష్‌లో కావాలన్నారు. అప్పగించిన పనులు ‘త్సు ఉన్జరర్ ఫోలెన్ త్సుఫ్రీడెన్‌హైట్’ చేశాడని ఉంది. ‘టు అవర్ ఫుల్ సాటిస్‌ఫాక్షన్’ అని రాసుకున్నా. తప్పు అనువాదం అంటున్నాడు కొలీగ్. పూర్తి సంతృప్తి అంటే పూర్తి సంతృప్తే కదా?

పాత_హెచ్ఆర్:
మాట తప్పు కాదు బాబూ, మార్కు తప్పు. ఆ వాక్యానికి మెట్లున్నాయి. ‘ష్టేట్స్’ అంటే ఎల్లప్పుడూ. ష్టేట్స్‌తో పాటు ‘ఫోల్‌స్టెన్’ ఉంటే ఒకటో గ్రేడు, ష్టేట్స్‌తో ‘ఫోలెన్’ అయితే రెండు. ఉత్త ఫోలెన్ మూడు. అదీ ఊడిపోయి సంతృప్తి ఒక్కటే మిగిలితే నాలుగు. ‘ప్రయత్నించాడు’ అన్నారంటే ఆ కాగితం ఎవరికీ చూపించకండి. అక్కడ ఒకటే ఫస్టు. అన్నట్టు ఫోల్‌స్టెన్ అంటే ‘అన్నిటికంటే నిండు’. నిండిన బిందెలో ఇంకేం పోస్తారో!

గోదారి_అనువాదం:
నేను ఒప్పుకోను. కాగితంలో ఉన్నది చెప్పడమే అనువాదకుడి పని, పేపర్లు దిద్దడం కాదు. సర్టిఫికెట్ స్పష్టంగా ఉండాలి, మాటల చాటున వేరే అర్థం దాచకూడదు అని వాళ్ల వ్యాపార నియమాల చట్టం గెవెర్బేఆర్డ్‌నుంగ్ 109వ సెక్షనే చెబుతోంది. చట్టం వద్దన్న కోడ్‌ను నేనెందుకు మొయ్యాలి?

పాత_హెచ్ఆర్:
చట్టం వద్దంటుంది, కోర్టు గ్రేడే లెక్కేస్తుంది. డెంటల్ క్లినిక్ రిసెప్షన్‌లో పనిచేసిన ఒకావిడ కేసు ఆ ‘ష్టేట్స్’ ఒక్క మాట మీదే ఫెడరల్ లేబర్ కోర్టు దాకా వెళ్లింది. ఫోలెన్ అంటే మూడో గ్రేడు, సగటు. అంతకంటే మంచిది కావాలంటే ఉద్యోగే రుజువు చేసుకోవాలని 2014లో చెప్పారు. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ‘ఇంటికెళ్లి కబురు చేస్తాం’ అన్నారనుకోండి. దాన్ని మాటకు మాట ఇంగ్లిష్ చేసి, పిల్ల తండ్రి చేత ఫంక్షన్ హాలు బుక్ చేయిస్తారా?

గోదారి_అనువాదం:
పోలిక బాగుంది, నవ్వాను. కానీ పెళ్లిచూపుల మాట మీద ఎవరూ స్టాంపు వెయ్యరు. నేను వెయ్యాలి. ‘యావరేజ్’ అని రాస్తే అది కంపెనీ మాట కాదు, నా మాట. మరీ అంతైతే కింద అనువాదకుడి గమనిక పెట్టి గ్రేడు వివరిస్తాను. అసలు వాక్యాన్ని మాత్రం ముట్టుకోను.

హాంబర్గ్_చెల్లెలు:
గమనిక లేకపోతే ఎక్కువ నష్టం ఒకటో గ్రేడు వాళ్లకే. ‘ఆల్వేస్ టు అవర్ ఫుల్లెస్ట్ సాటిస్‌ఫాక్షన్’ అంటే హోటల్ ఫీడ్‌బ్యాక్ ఫారంలా ఉంటుంది. ఇంగ్లిష్ మేనేజర్ ‘కన్సిస్టెంట్లీ అవుట్‌స్టాండింగ్’ అంటాడు. ఫ్రెండ్‌కి అలాగే రాసిచ్చాను, స్టాంపు అవసరం లేదు కాబట్టి. మూడో గ్రేడు వాడేమో ‘ఫుల్ సాటిస్‌ఫాక్షన్’తో హీరో అయిపోతాడు. అన్నా, మీదాంట్లో ష్టేట్స్ ఉందా? చివర మీరు వెళ్లిపోతున్నందుకు బాధగా ఉందని రాశారా?

మ్యూనిక్_మావాడు:
మళ్లీ చూశాను. ష్టేట్స్ లేదు. బాధా లేదు. ‘ఆల్ ది బెస్ట్’ మాత్రం ఉంది. నిన్న అమ్మకు వీడియో కాల్‌లో చదివి అర్థం కూడా చెప్పాను, వీధంతా చెప్పేసుంటుంది.

గోదారి గారూ, మీరు చెప్పిందే న్యాయం. మాటకు మాట చేయించుకుంటాను. గమనిక లేకుండా అయితే ఎంత తీసుకుంటారు?