సన్నగా ఉన్నా షుగర్ ఎందుకు వస్తోంది? మన జన్యువుల లెక్క వేరా?

కావలి మాస్టారు:
మా నాన్నగారు కోవూరు దగ్గర మొలగొలుకులు పండించిన రైతు. బక్కపలచని మనిషి, అయినా 48వ ఏట షుగర్ బయటపడింది. నాకిప్పుడు 43 ఏళ్లు, బరువు 62 కిలోలు. అమెరికాలో ఉన్న మా తమ్ముడికి అక్కడి వైద్యుడు, ఆసియా మూలాలవారు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23 దాటగానే పరీక్ష చేయించుకోవాలని చెప్పారట. తెల్లవారికి ఆ హద్దు 25 అట. జాతిని బట్టి ముప్పు నిజంగా మారుతుందా? మీ ఇళ్లలోని అనుభవం చెప్పగలరు.

ఒంగోలు ల్యాబ్ టెక్నీషియన్:
నిజమే మాస్టారూ. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే ఆసియా మూలాలవారికి ఆ హద్దును 23కు తగ్గించింది. ఒకే బీఎంఐ దగ్గర తెల్లవారితో పోలిస్తే మనవారిలో కండ తక్కువ, పొట్ట లోపలి కొవ్వు ఎక్కువ. పూణే వైద్యులు యాజ్ఞిక్ గారి బృందం ఇంగ్లండులో పుట్టిన పిల్లలతో పోల్చి చూసినప్పుడు, సగటున 2.7 కిలోలతో పుట్టిన మన పసికందులలో కండ బాగా తగ్గినా చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని తేలింది. ఇక జన్యువుల విషయానికి వస్తే, షుగర్ ముప్పు పెంచుతుందని 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు గుర్తించిన టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులోని మార్పు మనవారిలోనూ ఉంది. గ్రీన్‌లాండ్ ఆదివాసులైన ఇన్యూట్‌లలో టీబీసీ1డీ4 అనే జన్యువులోని మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వచ్చినవారికి ముప్పు దాదాపు పది రెట్లు. అది పరగడుపు పరీక్షకు సరిగా దొరకదు, గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తేనే బయటపడుతుంది. మనలో అంత బలమైన ఒకే జన్యువు కాదు, కొద్దికొద్దిగా ముప్పు పెంచేవి వందల కొద్దీ కలిసి పనిచేస్తాయి.

కందుకూరు ఆడపడుచు:
అన్నగారూ, అంతా జన్యువుల మీదకు నెట్టేస్తే నేను ఒప్పుకోలేను. అమెరికా, మెక్సికోల ఆదివాసులైన పిమా తెగవారి సంగతి చూడండి: 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం అమెరికాలోని పిమాలలో 38 శాతం మందికి మధుమేహం ఉంటే, మెక్సికో కొండల్లో వ్యవసాయం చేసుకుంటున్న వారి రక్తసంబంధీకులలో 6.9 శాతం మందికే ఉంది. మా ఇంట్లోనూ అంతే. సజ్జ సంకటి తిని ఎడ్ల వెంట నడిచిన తాతయ్యకు చివరిదాకా షుగర్ లేదు; కుర్చీ ఉద్యోగాలలో స్థిరపడిన ఆయన నలుగురు పిల్లలలో ముగ్గురికి వచ్చింది. నాకు కడుపుతో ఉన్నప్పుడే వచ్చి కాన్పయ్యాక తగ్గింది కనుక, ఏటా పరీక్ష తప్పించను.

ఒంగోలు ల్యాబ్ టెక్నీషియన్:
మీరు చెప్పినదీ నిజమేనమ్మా, నేను కాదనను. మాస్టారూ, ముందు నడుము కొలవండి. మన మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. తరువాత పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి రక్తం ఇవ్వండి. రక్తహీనత గానీ జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు త్వరగా చితికిపోయే పుట్టుకతో వచ్చే లోపం) గానీ ఉన్నవారిలో మూడు నెలల సగటు చక్కెర చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు కనుక, దాని మీదే ఆధారపడవద్దు.

కావలి మాస్టారు:
మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోని టేపు తీసి, లుంగీ ముడి సడలించి కొలిస్తే 94 వచ్చింది. 62 కిలోల మనిషికి అంత ఉంటుందని నేను అనుకోలేదు. ఈ ఉదయం పరగడుపు చక్కెర 112 అని రిపోర్టు ఇచ్చారు. అంటే షుగర్‌కు ముందు దశలో, హద్దు మీద ఉన్నాను. పొదలకూరులో ఉన్న మా చెల్లెలు, తాను బక్కగా ఉన్నానన్న ధీమాతో ఇంతవరకు ఒక్కసారీ చూపించుకోలేదు. ఆదివారం తననీ తీసుకువెళ్తున్నాను.